మెట్ల మీద పది నిమిషాలు

ముందే ఒక విషయం ఒప్పేసుకుంటా. ఈ కథ నాకు చెప్పినావిడ మధ్యలో ఆపి, "ఇంతకీ ఆ చీటీ రాసింది ఎవరో చెప్పు చూద్దాం" అని అడిగితే, నేను క్షణం కూడా తడుముకోకుండా తప్పు చెప్పా. పైగా గట్టిగా వాదించా కూడా. కాబట్టి మీరూ తప్పు చెప్తే సిగ్గుపడక్కర్లేదు, తోడు నేనున్నా.

ఆవిణ్ని ఇంట్లో అందరూ టెస్టరమ్మ అంటారు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం ఆవిడ ఉద్యోగం. పాపం ఎవరో రాత్రింబవళ్లు కళ్లు కాయలు కాచేలా రాసిన ప్రోగ్రాం తెచ్చి ముందు పెడితే, కొత్త కోడలి కూర రుచి చూసే అత్తగారిలా కొంచెం నాలిక మీద వేసుకుని పెదవి విరుస్తుంది. ఆవిడ భర్త లిఫ్ట్ మెకానిక్. ఊళ్లో సగం లిఫ్టులు ఆయన చేతి చలవతోనే పైకి కిందకి తిరుగుతుంటాయి. వాళ్లకి ఎనిమిదేళ్ల కూతురు, పిట్ట. ఆయన తల్లి కూడా వాళ్లతోనే ఉంటుంది. ముప్పై మూడేళ్లు ఆసుపత్రి వార్డుల్లో నర్సుగా చేసి రిటైరైన మనిషి.

సోమవారం పొద్దున్న. కుటుంబ ప్రార్థన అయింది, నలుగురూ వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. బ్రెడ్డు కాలుతోంది. గుడ్లు ఉడుకుతున్నాయి.

"పిట్టా, టీ చల్లారిపోతోందని మీ నాన్నకి చెప్పు" అంది టెస్టరమ్మ.

వాళ్ల నాన్న రెండు అడుగుల దూరంలో ఉన్నాడు. చెవులు కూడా సుబ్బరంగా పనిచేస్తున్నాయి.

"నాన్నా, టీ చల్లారిపోతోందట."

"అమ్మకి థాంక్స్ చెప్పు."

"అమ్మా, థాంక్స్ అట."

పాపకి జీతం లేని పోస్టాఫీసు ఉద్యోగం. శుక్రవారం నుంచి డ్యూటీలో ఉంది. ఆరోజు బళ్లో తల్లిదండ్రుల మీటింగు. ఆయన తప్పకుండా వస్తానని మాటిచ్చాడు. సరిగ్గా అప్పుడే ఒక ఆసుపత్రి లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది, లోపల స్ట్రెచర్ మీద ఓ పెద్దాయన. ఆయన్ని బయటికి తీసి, గ్రీజు చేతులతో పరుగెత్తుకుంటూ వచ్చేసరికి టీచరు తలుపుకి తాళం వేస్తోంది.

"సారీ, ఫోన్ చేద్దామంటే చేతులు..." అని ఆయన మొదలెట్టాడు.

"పర్లేదు" అంది టెస్టరమ్మ.

ఆ ఇంట్లో "పర్లేదు" అంటే ఉరుము లేకుండా కమ్ముకునే మబ్బు. అది ఎప్పుడు విడుతుందో ఆకాశానికే తెలియాలి. కానీ ఆవిడ దృష్టిలో అది సహనం. ఆవిడ పెరిగిన ఇంట్లో తండ్రి కేకలకి కిటికీ అద్దాలు అదిరేవి, కంచాలు గోడకి తగిలేవి. తన ఇంట్లో ఎవరి గొంతూ లేవనివ్వనని పదేళ్ల వయసులో మంచం కింద దాక్కుని దేవుడికి మాటిచ్చింది. ఆ మాట నిలబెట్టుకుంది కూడా. కిందటి నెలలో సంఘంలో ఆడవాళ్ల కూటంలో నిలబడి, "దేవుని కృపవల్ల పన్నెండేళ్లుగా మా ఇంట్లో ఒక్కసారి కూడా గొంతులు లేవలేదు" అని సాక్ష్యం చెప్తే, ముందు వరసలో ముగ్గురు కళ్లు తుడుచుకున్నారు.

ఆయన పని బ్యాగు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. పిట్ట బడికి వెళ్లింది. టెస్టరమ్మకి ఆరోజు ఇంటి నుంచే పని. కంప్యూటర్ తెరవబోతూ బైబిల్లోంచి ఒక చీటీ తీసింది.

ఇక్కడ వాళ్ల సంఘం పద్ధతి ఒకటి చెప్పాలి. వాళ్ల ప్రార్థన మందిరంలో గుమ్మం పక్కన ఒక విన్నపాల డబ్బా ఉంటుంది. ఎవరి బాధ వాళ్లు పేరు లేకుండా పంపిస్తారు. ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికెళ్తూ ఒక్కొక్కరూ డబ్బాలో చెయ్యి పెట్టి ఒక చీటీ తీసుకుంటారు. వారమంతా ఆ ముక్కూమొహం తెలియని మనిషి కోసం ప్రార్థించాలి. ఎవరిదో ఆరా తీయకూడదు, అదొక్కటే నియమం. మొదట్లో చేత్తో రాసేవాళ్లు. అరవై కుటుంబాల సంఘంలో చేతిరాత దాగుతుందా? అందుకని టెస్టరమ్మే ఫోన్లో నింపే ఒక ఫారం తయారుచేసింది. పేరు అడగదు, నంబర్ అడగదు. పాస్టరమ్మగారు అన్నీ ఒకే అక్షరాల్లో ప్రింటు తీసి, కత్తెరతో కత్తిరించి, మడిచి డబ్బాలో వేస్తారు. ఎవరు రాసిందో కనిపెట్టడం ఎవరి తరమూ కాదని ఇరవై రకాలుగా పరీక్షించి మరీ చూసింది టెస్టరమ్మ. సొంత ఇంటి చీటీ సొంత మనిషికే వస్తే ఏం చెయ్యాలన్న ఇరవై ఒకటో పరీక్ష మాత్రం ఆవిడ రాయలేదు.

చీటీలో ఇలా ఉంది:

"మా ఇంట్లో ఎవరూ కేకలు వేయరు. మాట ఆగిపోతుంది, అంతే. ఒక్కోసారి మూడు రోజులు, ఒక్కోసారి పది. నేనేం తప్పు చేశానో నేనే కనుక్కోవాలి. పని నుంచి వచ్చి, ఇంట్లోకి వెళ్లే ముందు పది నిమిషాలు మెట్ల మీద కూర్చుని ధైర్యం కూడగట్టుకుంటాను. ఈ శనివారంలోగా ఒక మాట చెప్పాలి, ఇక్కడే ఉండాలా, దూరంగా వెళ్లిపోవాలా అని. ఉండాలనే ఉంది. శక్తి చాలట్లేదు. నా కోసం ప్రార్థించండి."

టెస్టరమ్మ చీటీ పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తింది.

"అత్తయ్యా, ఇది వినండి. మన సంఘంలోనే ఎవరో పిల్ల. మొగుడు మాట్లాడడట! పది రోజులట! ఎంత దుర్మార్గుడో చూడండి. ఇంతకన్నా రెండు తిట్టినా నయం కదా?"

అత్తగారు గిన్నె తోముతున్న చెయ్యి ఆపింది. "ఏదీ, మళ్లీ చదువు."

మళ్లీ చదివింది. అత్తగారు కుళాయి కట్టేసింది. తడి చేతులు చీర కొంగుకి తుడుచుకుంది.

"ఆడపిల్లే అని ఎలా చెప్పావ్?"

"అదేంటత్తయ్యా! ఇంటికెళ్లడానికి భయపడి మెట్ల మీద కూర్చునేది మగాడా?"

"వార్డులో ముప్పై మూడేళ్లు చూశాలే అమ్మాయ్. నొప్పికి ఆడా మగా ఏముంది" అని అత్తగారు మళ్లీ కుళాయి తిప్పింది. ఆ పూట నీళ్లు మామూలుకన్నా చాలాసేపు పారాయి.

ఇక టెస్టరమ్మకి కాలు నిలవలేదు. శనివారంలోగా ఓ సంసారం విరిగిపోబోతోంది, దాన్ని దేవుడు తన చేతిలో పెట్టాడు. మంగళవారం మధ్యాహ్నం భోజనం మానేసి ప్రార్థించింది. ఆఫీసు పని పక్కన పెట్టి సంఘంలో ఉన్న కొత్త కోడళ్లందరినీ మనసులో వరసగా నిలబెట్టింది. ఆరా తీయకూడదన్న నియమం గుర్తొచ్చింది. ఇది ఆరా కాదు, దేవుడు పెట్టిన భారం అని సర్దిచెప్పుకుంది.

బుధవారం పొద్దున్న కుటుంబ ప్రార్థనలో ఆవిడ వంతు వచ్చింది.

"ప్రభువా, మాకు తెలియని ఒక బిడ్డ కోసం వేడుకుంటున్నాం. ఇంటి గుమ్మం ముందే వణికిపోతున్న ఆ మనిషిని ధైర్యపరచు. ఆ ఇంట్లో మాటని దాచుకుని శిక్ష వేస్తున్న ఆ రెండో మనిషిని క్షమించు తండ్రీ. తన తీరు ఎంత క్రూరంగా ఉందో ఆ మనిషికి తెలియట్లేదు. ఆ రాతి గుండెని పగలగొట్టు. సిగ్గుపడేలా చెయ్యి. ఆ ఇల్లు విరిగిపోనివ్వకు..."

ఆమేన్ అనేసరికి ఆవిడ కళ్లు తడిశాయి. కళ్లు తెరిస్తే ఎదురుగా మొగుడి కళ్లు కూడా తడిగా ఉన్నాయి. ఆయన బ్రెడ్డు ముక్క చేతిలో పట్టుకుని ఆవిడనే చూస్తున్నాడు, ఎన్నో ఏళ్ల తర్వాత చూస్తున్నట్టు.

"థాంక్స్" అన్నాడు మెల్లిగా.

దేనికో ఆవిడకి అర్థం కాలేదు. అడగాలంటే మాట్లాడాలి, మాట్లాడటానికి ఇంకా మబ్బు విడలేదు. లేచి గిన్నెలు సర్దింది.

సాయంత్రం ఆయన ఎప్పటికన్నా పావుగంట ముందొచ్చాడు. మొహంలో ఏదో వెలుగు. వంటింటి గడప దగ్గర నిలబడి, "పొద్దున్న ఆ ప్రార్థన... మనసులోంచే చేశావా?" అని అడిగాడు.

టెస్టరమ్మకి చిర్రెత్తుకొచ్చింది. తన ప్రార్థననే శంకిస్తాడా?

"పిట్టా, ప్రార్థన ఎవరైనా ఊరికే చేస్తారేంటని మీ నాన్నని అడుగు."

పిట్ట రంగు పెన్సిల్ కింద పెట్టింది. "నాన్నా, ప్రార్థన ఎవరైనా..."

"విన్నాన్లే తల్లీ" అన్నాడు ఆయన. మొహంలో వెలుగు దీపం ఆర్పినట్టు పోయింది. గదిలోకెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

గురువారం మధ్యాహ్నానికల్లా టెస్టరమ్మ అనుమానాలన్నీ ఒక్క మనిషి మీదకి చేరాయి. వాళ్ల బిల్డింగులోనే మూడో అంతస్తులో ఉండే కొత్త పెళ్లికూతురు. సంఘంలో పాటలు పాడుతుంది, పళ్ల డాక్టరు క్లినిక్‌లో రిసెప్షన్‌లో కూర్చుంటుంది. ఈ మధ్య పాడేటప్పుడు తల దించుకుంటోంది. ఇంకేం కావాలి?

ఆఫీసులో అరపూట సెలవు పెట్టి క్లినిక్‌కి వెళ్లింది. లోపల డ్రిల్లింగ్ మిషను గుయ్‌మంటోంది. ఇద్దరు పేషెంట్లు దవడలు పట్టుకుని కూర్చున్నారు.

"రా అక్కా! పన్ను నొప్పా?"

"నాకు కాదమ్మా, నొప్పి నీకు" అంది టెస్టరమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని. "నాకు అంతా తెలిసిపోయింది. నువ్వేం చెప్పక్కర్లేదు, పాడేటప్పుడు తల దించుకుంటున్నావ్, చూస్తున్నా. శనివారం తొందరపడొద్దు. మాట్లాడని మొగుడితో వేగడం నరకమే, కాదనను..."

ఆ పిల్ల కళ్లు పెద్దవి చేసి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వింది. "మా ఆయనా? మాట్లాడకపోవడమా? అక్కా, ఆయన నిద్రలో కూడా ఆపడు! వాగుడుకాయని కట్టుకున్నానని మా అమ్మ రోజూ ఏడుస్తుంది. పాడేటప్పుడు తల దించుకునేది కొత్త పాటలు నోటికి రాక, కాయితం చూసుకోడానికి."

టెస్టరమ్మ మొహం కందగడ్డయింది. "మరి... సాయంత్రాలు మెట్ల మీద కూర్చునేది నువ్వు కాదా?"

"నేనా? నాకంత తీరికెక్కడిది?" అని ఆ పిల్ల ఏదో గుర్తొచ్చినట్టు మామూలుగా అంది, "మెట్ల మీద కూర్చునేది అన్నయ్య కదా."

"ఏ అన్నయ్య?"

"మీ ఆయనే అక్కా. మా గుమ్మం పైన, మూడుకీ నాలుగుకీ మధ్య మలుపులో. రోజూ ఆరున్నరకి, ఆ పనిముట్ల బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు. మొదట్లో లిఫ్టు చెడిపోయిందేమో, చూస్తున్నాడేమో అనుకున్నా. 'ఏంటన్నయ్యా, లిఫ్టులు బాగుచేసేవాడివి మెట్లెక్కుతున్నావ్?' అని ఏడిపించా కూడా. 'కొంచెం ఊపిరి తీసుకుంటున్నానమ్మా' అన్నాడు. ఏం, ఒంట్లో బాలేదా ఆయనకి?"

లోపల డ్రిల్లింగ్ మిషను ఆగింది. ఎవరో పేషెంటు లేచి టెస్టరమ్మకి కుర్చీ ఇచ్చాడు. ఆ పిల్ల నీళ్లు తెచ్చింది.

ఎంత క్రూరంగా ఉందో ఆ మనిషికి తెలియట్లేదు. రాతి గుండె. దుర్మార్గుడు. ఒక్కో మాటా తన నోటినుంచే, తన గొంతుతోనే తిరిగొచ్చి చెంప మీద కొట్టింది. నిన్న మొగుడి కళ్లల్లో నీళ్లు, 'థాంక్స్', 'మనసులోంచే చేశావా' అన్న ప్రశ్న, అన్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా తలుపు తట్టాయి. గంట సేపు అనర్గళంగా ప్రార్థించగల మనిషికి బస్సులో కూర్చుంటే మూడే మాటలు దొరికాయి. "ప్రభువా, అది నేనే."

ఇంటికొచ్చేసరికి అత్తగారు హాల్లో బట్టలు మడతపెడుతోంది. కోడలి మొహం చూడగానే చేతిలో దుప్పటి వదిలేసింది.

"మీకు తెలుసా అత్తయ్యా?"

"బాల్కనీలోంచి వాడు గేటు లోపలికి రావడం కనిపిస్తుంది. నాలుగంతస్తులు ఎక్కడానికి అంతసేపు పట్టదు కదమ్మా."

"మరి నాతో ఒక్క మాట..."

"చెప్తే కొడుకుని వెనకేసుకొస్తోందనుకుంటావని. నువ్వు పర్లేదు అంటావని." పెద్దావిడ కింద పడ్డ దుప్పటి తీసి ఒళ్లో పెట్టుకుంది. "నాక్కూడా ఆ మాటంటే భయమే అమ్మాయ్. అబద్ధం ఎందుకు."

డెబ్బై ఏళ్ల మనిషి, ఎన్ని చావులు చూసిందో. తనంటే భయపడుతోంది. గడియారం ఆరూ ముప్పై ఐదు చూపిస్తోంది. వెనక్కి తిరిగి తలుపు తీసుకుని మెట్లు దిగింది.

మలుపులో ఆయన ఉన్నాడు. బ్యాగు ఒళ్లో ఉంది, రెండు చేతులూ దాని మీద. అలికిడికి ఉలిక్కిపడి లేచాడు, దొంగతనం చేస్తూ పట్టుబడ్డవాడిలా.

"ఇప్పుడే వచ్చా. షూ లేసు ఊడితే..."

"కూర్చో" అంది ఆవిడ. ఆరు రోజుల తర్వాత ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అది. తను రెండు మెట్లు కింద కూర్చుంది. "ఆ చీటీ నాకే వచ్చింది."

"తెలుసు. నిన్న ప్రార్థన విన్నా కదా. నీకు అర్థమైపోయింది, అందరి ముందూ ఒప్పుకుంటున్నావ్ అనుకున్నా. నిన్నంతా పనిలో కాలు నేల మీద లేదు. సాయంత్రం వచ్చి అడిగితే మళ్లీ పిట్టతో చెప్పించావ్. అప్పుడనిపించింది, వెక్కిరించావని."

"వెక్కిరించలేదు. నాకసలు తెలీదు. వేరే ఎవరో అనుకున్నా."

ఆయన తలెత్తి చూశాడు. నవ్వొచ్చింది ఆయనకి, అందులో సంతోషం చుక్క కూడా లేదు. "వేరే ఎవరో. అంటే పక్కింట్లో జరిగితే అది క్రూరత్వం. మనింట్లో జరిగితే సాక్ష్యం."

ఆవిడ తల దించుకుంది.

"శనివారం ఏంటి?" అని అడిగింది చివరికి.

"వేరే ఊళ్లో పెద్ద టవర్లు కడుతున్నారు. నలభై లిఫ్టులు. రెండేళ్ల పని, నెలకోసారి ఇంటికి పంపుతారు. శనివారం పదింటికల్లా ఫోన్ చేసి వస్తానో రానో చెప్పాలి." బ్యాగు జిప్పుని అటూ ఇటూ లాగుతూ అన్నాడు. "లిఫ్టు ఆగిపోతే బోర్డు మీద ఓ నంబరొస్తుంది. తలుపు పట్టేసిందా, తీగ తెగిందా, బరువెక్కువైందా, అదే చెప్తుంది. పన్నెండేళ్లయింది, నీ బోర్డు మీద నాకు ఒక్క నంబరూ కనపడలేదు. పర్లేదు, పర్లేదు, పర్లేదు. అంతే."

"నేను అరవను కదా" అంది ఆవిడ. చిన్నపిల్ల గొంతుతో అంది. "మా నాన్నలా అరవకూడదని... అరవకపోతే చాలు, అదే ప్రేమ అనుకున్నా."

"అరవవు. నిజమే. అక్కడిదాకా వచ్చి ఆగిపోయావ్." ఆయన బ్యాగు పక్కన పెట్టాడు. "నన్నేమైనా చెయ్యి, తట్టుకుంటా. సోమవారం నుంచి పిట్ట నాతో మాట్లాడట్లేదు, గమనించావా? నీ కబుర్లు మోస్తుంది, అంతే. సొంతంగా ఒక్క మాట లేదు. ఏమైందమ్మా, నాన్న ఏం తప్పు చేశాడని అడిగా. 'నువ్వే కనుక్కో' అంది. అచ్చం నీలాగే. ఎనిమిదేళ్లు దానికి!"

ఇంతవరకూ తగిలిన దెబ్బలు ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. మంచం కింద దాక్కున్న పదేళ్ల పిల్లని కాపాడబోయి, ఇంకో పిల్లకి కొత్త మంచం చూపించిందన్నమాట.

"నన్ను క్షమించమని అడగటానికి కూడా మొహం చెల్లట్లేదు" అంది. తర్వాత లోపలున్నదంతా ఒక్కసారిగా బయటికి తన్నుకొచ్చింది. "కానీ నువ్వు కూడా! నాతో చెప్పకుండా డబ్బాకి చెప్పావ్! అరవై కుటుంబాలకి చెప్పావ్! నాకు చెప్పి ఉంటే? వెళ్లిపోతానని నాతో ఎందుకనలేదు? ఆ శుక్రవారం టీచర్ ముందు అన్ని జంటల మధ్య ఒక్కదాన్నే కూర్చుంటే ఎంత సిగ్గేసిందో తెలుసా? నీ కోసం తలుపు వైపు చూసీ చూసీ మెడ నొప్పెట్టింది! నాకు కోపం వచ్చింది! చాలా కోపం వచ్చింది!"

ఆ గొంతు మెట్ల గోడలకి తగిలి పైకీ కిందకీ మోగింది. మూడో అంతస్తు తలుపు కొంచెం తెరుచుకుని, గబుక్కున మూసుకుంది. టెస్టరమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది.

"అరిచానా?"

"అరిచావ్."

"అయ్యో..."

"ఏం కాలేదు చూడు. గోడలు నిలబడే ఉన్నాయి" అన్నాడాయన. రెండు మెట్లు దిగొచ్చి పక్కన కూర్చున్నాడు. గ్రీజు వాసన. "నాదీ తప్పే. నీకు చెప్పడానికి దమ్ముల్లేక దేవుణ్ని మధ్యవర్తిని చేశా. పిట్టకి నువ్విచ్చిన ఉద్యోగమే నేను ఆయనకిచ్చా. పిరికితనం. ప్రార్థన అని పేరు పెట్టుకున్నా."

ఆవిడ ఏడుస్తూనే ఉంది. ఆయన ఊరుకోబెట్టలేదు. పక్కనే కూర్చున్నాడు.

ఒక్క సాయంత్రంతో పన్నెండేళ్ల అలవాటు పోతుందా? శుక్రవారం పొద్దున్న ఆయన తడి తువ్వాలు మంచం మీద పడేస్తే, ఆవిడ నోటిదాకా మళ్లీ పాత మాటే వచ్చింది. గుటక వేసి మింగి, ఆఫీసుకి వెళ్తూ దారిలో మందిరం దగ్గర ఆగింది. పాస్టరమ్మగారు కింద కూర్చుని వచ్చే ఆదివారం చీటీలు కత్తిరిస్తున్నారు. టెస్టరమ్మ పక్కన చతికిలబడి మొత్తం చెప్పేసింది, ఒక్క ముక్క దాచకుండా, తను చెప్పిన సాక్ష్యంతో సహా.

పాస్టరమ్మగారు కత్తెర కింద పెట్టారు. "ఆ సాక్ష్యానికి కళ్లు తుడుచుకున్నవాళ్లలో నేనూ ఉన్నా. నాకూ బుద్ధొచ్చింది." చీటీలు పక్కకి జరిపారు. "చూడమ్మా, దేవుడికి మన మీద కోపం రావడానికి లక్ష కారణాలున్నాయి. ఆయన తలుపేసుకుని కూర్చున్నాడా? మాటగా, మనిషిగా దిగొచ్చాడు. మన మధ్యకే వచ్చి, మన భాషలో మాట్లాడాడు. ఆయన పిల్లలం అని చెప్పుకుంటూ మనం నోరు కట్టేసుకుంటే ఎట్లా? శాంతం అంటే మాట లేకపోవడం కాదు. దెబ్బ తగలకుండా నిజం చెప్పగలగడం. అది నేర్చుకోవాలి. నాకు అరవై దాటాయి, ఇంకా నేర్చుకుంటూనే ఉన్నా."

"రాకపోతే?"

"రాదు. మొదట్లో రాదు. పసిపిల్లలు నడక నేర్చుకున్నట్టు పడతావ్. లేచి మళ్లీ మాట్లాడతావ్."

శనివారం పొద్దున్న. బల్ల మీద ఆయన ఫోను. తొమ్మిదిన్నర. ఎవరూ ఆ ఫోను వైపు చూడట్లేదు, అంటే అందరూ అదే చూస్తున్నారు. ఆయన ఏం చెప్పబోతున్నాడో టెస్టరమ్మకి తెలియదు. రాత్రి అడిగింది. "పొద్దున్న దాకా టైమివ్వు, నాకే తెలియట్లేదు" అన్నాడు నిజాయితీగా.

పిట్ట పాలు ముట్టుకోలేదు.

"ఏమైందమ్మా?" అంది నానమ్మ.

పిట్ట కుర్చీ దిగి, గదిలోకెళ్లి మంచానికీ బీరువాకీ మధ్య సందులో దూరి కూర్చుంది. మోకాళ్లు ముడుచుకుని, పెదాలు బిగించి. టెస్టరమ్మ గుమ్మం దగ్గర ఆగిపోయింది. అద్దంలో చూసుకుంటున్నట్టుంది.

వెళ్లి పాప ఎదురుగా నేల మీద కూర్చుంది.

"పిట్టా, నాకు కనుక్కోవడం రాదు. అమ్మకి చేతకాదు. నువ్వు చెప్తేనే తెలుస్తుంది."

పిట్ట మొహం తిప్పుకుంది.

"అరిచినా సరే. అమ్మ ఎక్కడికీ వెళ్లదు."

ఒక నిమిషం. రెండు. ఆఫీసులో అయితే ఈపాటికి వదిలేసి ఇంకో పని చూసుకునేది. కూర్చుంది. కాళ్లు తిమ్మిరెక్కాయి. అయినా కూర్చుంది.

పాప గట్టిగా అరిచేసింది. "నాన్న వెళ్లిపోతున్నాడు! సోమవారం బాల్కనీలో ఫోన్లో చెప్తుంటే విన్నా! నువ్వు మాట్లాడకపోతే వెళ్లిపోడా మరి! నేను అన్నీ సరిగ్గానే చెప్పా! నువ్వు చెప్పమన్నవన్నీ నాన్నకి చెప్పా, నాన్న చెప్పమన్నవన్నీ నీకు చెప్పా! ఒక్కటి కూడా మర్చిపోలేదు! అయినా వెళ్లిపోతున్నాడు! నేను సరిగ్గా చెప్పలేదా?"

ఐదు రోజులుగా ఆ చిన్న బుర్ర మోస్తున్న బరువు ఇదా? తను సరిగ్గా కబురు అందించలేదు కాబట్టి ఇల్లు విరిగిపోతోందని?

"కాదు తల్లీ. కాదు. నీ తప్పు కాదు. అది నీ పని కాదు, ఎప్పటికీ కాదు. అమ్మ తప్పు చేసింది. నాన్నతో మాట్లాడాల్సింది అమ్మ. నీ నెత్తిన పెట్టింది. అమ్మని క్షమిస్తావా?"

పిట్ట ఆవిడ మెడ చుట్టూ చేతులు వేసి బావురుమంది. ఇల్లంతా వినపడేలా, వీధి వినపడేలా ఏడ్చింది. ఎవరూ ఆపలేదు. వంటింట్లో నానమ్మ ముక్కు చీదుకుంటున్న చప్పుడు. కాసేపటికి టెస్టరమ్మ తలెత్తితే, గుమ్మంలో ఆయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నిలబడి ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అవునండి, నేనే. ఆ టవర్ల పని గురించి... లేదండి, రావట్లేదు." అవతల ఏదో అడిగారు. ఆయన భార్య వైపు చూశాడు. "కారణమా? ఇంట్లో మాట్లాడుకోవాల్సినవి చాలా ఉన్నాయండి. రెండేళ్లు సరిపోవు."

ఇదండీ జరిగింది. మీ ఇంట్లోనూ ఇలాంటి మౌనం ఎప్పుడైనా కూర్చుందా? దాన్ని ముందు లేపింది ఎవరు, ఏ మాటతో? మీరు మాట్లాడని మనిషైనా, గుమ్మం బయట ఆగిన మనిషైనా, మధ్యలో కబుర్లు మోసిన పిల్లైనా, మీ కథ కింద రాయండి. చదివి ఊరుకోను. జవాబు రాస్తా.